బండి ఆగని రోజు

మా మామ ఆ జీపును ‘శార్దూల్’ అని కంపెనీ పేరుతోనే పిలుస్తడు, ఇంట్ల మనిషిని పిలిచినట్టు. నేను దాన్ని ఏమని పిలుస్తనో నలుగుట్ల చెప్పేది కాదు. పోయిన పంచాయతీ ఎన్నికలల్ల నన్ను సర్పంచ్‌గ నిలబెడ్తనని మా ఆయన సుదర్శన్ అన్ననాడు నాకు భయం కాలే. ప్రచారం ఆ జీపుల అన్నప్పుడు అయింది.

మా ఊరు ఝరాసంగం దాటినంక ఐదు కిలోమీటర్లు. ఆసారి గూడ సర్పంచ్ సీటు ఆడోళ్లకే వచ్చింది. లిస్టు వచ్చిన తెల్లారి మా ఆయన చాయ తాగుకుంట, "నీ ఆధార్ కార్డు, రెండు ఫొటోలు తీసిపెట్టు" అన్నడు. వారం తిరిగేసరికి పోస్టర్లు వచ్చినయి. త్రివేణి, భర్త సుదర్శన్ అని ఉన్నది. నా పేరు కంటె ఆయన పేరు పెద్దగ అచ్చయింది. జహీరాబాద్ ప్రెస్సోడు తప్పు చేసిండేమో అనుకున్న. తప్పు కాదట, ఆయనే గట్ల వెయ్యమన్నడట.

ఇగ జీపు సంగతి. మా మామ మహాదేవప్ప బీదర్ దిక్కు అడవి శాఖల డ్రైవర్‌గ చేసిండు. ఆయన రిటైరైన ఏడాదే ఆ జీపును గూడ పనికిరాదని తీసేసిన్రు. వేలంపాటల ఈయనే పాడి ఇంటికి తోలుకొచ్చిండు. అప్పుడది ఆకుపచ్చ రంగు అట. ఇప్పుడే రంగో చెప్పరాదు. డోర్లు లేవు. పైన కప్పిన గుడ్డ మా అత్త కుట్టిచ్చింది, ఆమె పోయి ఆరేండ్లాయె. సీట్ల కింద ఎప్పుడు చూసినా పానలు, తీగలు, డీజిల్ డబ్బ, ఒక సబ్బు ముక్క. సబ్బు ఎందుకంటె డీజిల్ ట్యాంకు కారినప్పుడు ఆ సందుల పెట్టనీకె.

నామినేషన్లు ఇంక మొదలు కాలేదు గాని ఊర్ల తిరుగుడు షురువైంది. మొదటినాడు జీపుకు మైకు కట్టిన్రు, రెండు దిక్కుల బ్యానర్లు కట్టిన్రు. స్టీరింగ్ మీద మా మామ, పక్కన మా ఆయన, ఎనుక బల్ల మీద నేను, నాకు ఆనుకొని మైకు బ్యాటరీ. అది ఒరగకుండ నేను పట్టుకోవాలె. ఎన్నికలల్ల నిలబడ్డది నేనే గాని, చేతులు జోడించనీకె నాకు ఒక చెయ్యే మిగిలింది.

ఊర్ల మూడు వందల ఇండ్లున్నయి. ఆగనీకె దానికి జగన్‌మోహన్ పటేల్ ఇల్లే దొరికింది. మాకు ఎదురు నిలబడుతున్న దీపిక ఆయన కోడలు. పటేల్ అరుగు మీద కుర్చేసుకొని కూసున్నడు.

"ఏమైంది మహాదేవప్పా, డీజిల్ అయిపోయిందా?" అన్నడు.

"డీజిల్ ఉన్నది. పైపుల గాలి పట్టింది. తీస్తె నడుస్తది" అని మా మామ బానెట్ లేపిండు.

ఆయనకు బండి ఆగితె సిగ్గు కాదు. ఆగిన చోటల్ల నలుగురు జమైతరు, జమైనోళ్లకు ఆ కంపెనీ చరిత్ర చెప్పొచ్చు. ఒక చేత్తోని డీజిల్ పంపు కొట్టుకుంట మొదలుపెట్టిండు.

"ఇది మొదలు మిలిటరోళ్ల కోసం చేసిన బండి. మంచుల నడిచింది, రాజస్థాన్ ఇసుకల నడిచింది. అటెన్క పోలీసోళ్లు తీసుకున్నరు, అడవోళ్లు తీసుకున్నరు, చెరుకు ఫ్యాక్టరోళ్లు తీసుకున్నరు. బస్సు మొఖం చూడని ఊర్లకు ఇదే పోయింది. పోలియో చుక్కల డబ్బ దీంట్లనే, ఓట్ల డబ్బ దీంట్లనే."

"గంత మంచిదైతె మరి ఎందుకు ఆగింది?" అన్నడు పటేల్.

"ఆగుడు వేరు, చెడిపోవుడు వేరు" అన్నడు మా మామ. "నీ కొత్త బండ్లు చెడిపోతె కంప్యూటర్ పెట్టి చూడాలె. ఇది ఎక్కడ ఆగితె అక్కడ్నే బాగైతది. ఒక పానా, రెండు చేతులు చాలు. నమ్మకమంటె గది."

నలభై నిమిషాలు నమ్మకం గురించి చెప్పిండు. మైకు చాలు చేసే ఉన్నది. వాడ వాడంత విన్నది. నా గురించి ఒక్క ముక్క లేదు. ఆఖరికి పటేల్ మనుషులే నలుగురొచ్చి బండిని ఎనుకకెల్లి నూకిన్రు. మా ప్రచారాన్ని మా ఎదుటోళ్లే ముందుకు నూకినట్టాయె. నేను బ్యాటరీ పట్టుకొని తల దించుకొని కూసున్న.

మూడోనాడు పంపే పోయింది. జహీరాబాద్‌ల ఇస్సాకు మెకానిక్ కాడికి ట్రాక్టర్‌కు కట్టి గుంజుకపోయిన్రు. నేను గూడ పోయిన, దీన్ని ఎన్ని రోజులకిస్తడో నా చెవులతోని వినాలని.

"నాలుగు రోజులన్న పడ్తదక్కా" అన్నడు ఇస్సాకు. "సామాను దొరకది. దొరకనీకె కంపెనీయే లేకపాయె. మూతపడి పదిహేనేండ్లు దాటింది. వేరేటోళ్లు ఆ పేరు కొనుక్కొని కొత్త బండి తీసిన్రు. దాని సామాను దీనికి ఒక్కటి పట్టదు. ట్రాక్టర్ పంపు సాన పట్టి బిగిస్త."

"గిట్లాంటి బండ్లు ఇంక ఎన్ని వస్తయి నీ కాడికి?"

"ఇదొక్కటే" అన్నడు.

ఆ కొత్త శార్దూల్‌ను మేము అదే వారం చూసినం. పటేల్ కోడలి ప్రచారానికని తెచ్చిన్రు. నల్లగ నిగనిగలాడుతున్నది, లోపల టీవీ అంత తెర, ముందల మా బండికున్న అదే పులి బొమ్మ. మా మామ చూడనీకె పోయిండు. నేను వద్దన్నా ఆగలే. బండి చుట్టు తిరిగిండు, వంగి కిందికెల్లి చూసిండు. దీపిక బయటికొచ్చి, "ఎక్కి కూసోండ్రి తాతా" అన్నది. దీపిక మంచి పిల్ల, అదొక తిప్పలు. తిట్టుకుందామన్నా సందియ్యది. మా మామ కూసొని స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి, ఊకె అట్లనే ఉన్నడు. దిగి ఇంటికొచ్చినంక, "పేరొక్కటే కొనుక్కున్నరు" అన్నడు. ఆ పూట రొట్టె ముట్టలే.

ఆ కొత్తది మాత్రం ఎన్నికలు అయ్యేదాక ఒక్కనాడు ఆగలే. గదే నాకు మంట.

ఇస్సాకు బండి ఇచ్చినంక రెండోనాడే మళ్ల ఆగింది, ఈసారి ఊరికి కింది కాలనీకి నడుమ. పంపుకు బోల్టు ఊడింది. బోల్టు కోసం మా ఆయన ఎవరిదో మోటర్‌సైకిల్ ఎక్కి ఝరాసంగం పోయిండు. మా మామ బండి కింద దూరిండు. పక్కన చేన్ల ఆడోళ్లు పత్తి ఏరుతున్నరు. రోడ్డు మీద ఎంతసేపని నిలబడాలె? కొంగు నడుముకు చెక్కి నేను గూడ ఒక సాలు పట్టిన.

"ఫొటో తీసెటోళ్లు ఎవ్వరు లేరు గద" అన్నది మణెమ్మ. కాలనీల పెద్దమనిషి ఆమె, అరవై దాటింది.

"ఫొటోకు కాదు. బండి గంట దాక లేవది" అన్న.

నవ్వి, నాకు జాగిచ్చింది. ఏరుకుంటనే మాట్లాడింది. నీళ్లు ట్యాంకుకు ఎక్కిచ్చినంక ముందుగాల పైవాడకు ఇడుస్తరట. పైవాడోళ్ల తొట్లు, డ్రమ్ములు నిండి బయటికి పారినంక కాలనీ వాల్వు తిప్పుతరట. అప్పటికి ట్యాంకుల ఏముంటది? నాలుగు రోజులకోసారి ఇంటికి మూడు బిందెలు. పైవాడ అంటె మేమే. మా తొట్టి నిండి బయటికి పారుడు నేను దినాం చూస్తనే ఉన్న. అవి ఎవరి నీళ్లో నేను ఎప్పుడూ ఆలోచన చెయ్యలే.

"పోయినసారి సర్పంచమ్మ పేరేంది?" అన్నది మణెమ్మ ఉన్నట్టుండి.

నాకు యాదికి రాలే.

"మాకు గూడ తెల్వది. ఐదేండ్లు చేసింది. ఆమె మొగని పేరైతె మా చిన్నపిల్లలు గూడ చెప్తరు." పత్తి ఒడిల ఏసుకొని నా దిక్కు చూసింది. "గెలిస్తె నువ్వొస్తవా బిడ్డా, నీ పెనిమిటొస్తడా?"

"నేనే వస్త."

"వస్తనంటవు?"

"వస్త. వాల్వు కాడ నేనే నిలబడ్త."

ఒట్టు పెట్టమనలే. మంచిదని గూడ అనలే. సాలు పట్టుకొని ముందుకు పోయింది. నేను బోల్టు వచ్చేదాక ఏరిన. ఇంటికొచ్చి చూసుకుంటె చేతులు గీరుకపోయినయి.

నామినేషన్ వేసినం. వాపస్ తీసుకునే గడువుకు ఒకరోజు ముందుగాల, పగటి అన్నానికి మా ఆయన ఇంటికొచ్చిండు. ఖుషీగ ఉన్నడు.

"పెద్దమనుషులు కూసున్నరు" అన్నడు. "ఊరు ఏకగ్రీవం చేద్దామన్నరు. దీపిక సర్పంచ్, నేను ఉప సర్పంచ్. మన చెల్క చేను దాక మట్టి రోడ్డు గూడ ఏపిస్తనన్నడు పటేల్. రేపు మూడు లోపల పోయి నువ్వు నామినేషన్ వాపస్ తీసుకోవాలె."

నేను అన్నం వడ్డిస్తున్న. గంటె ఆగింది.

"నేను మణెమ్మకు మాటిచ్చిన."

"ఏం మాట?"

చెప్పిన. విన్నడు. పెరుగు కలుపుకున్నడు.

"నేను పటేల్‌కు మాటిచ్చిన గద. నలుగుట్ల ఇచ్చిన. ఇప్పుడు నా మాట తీసెయ్యమంటవా?"

మా ఆయన చెడ్డోడు కాదు. పందొమ్మిది ఏండ్లల్ల నా మీద ఒక్కనాడు చెయ్యెత్తలే. నాక్కూడ ఒక మాట ఉంటదని ఆయనకు యాదికుండదు, గంతే. ఊళ్లె పెద్దమనుషులు, ఆయన ఇజ్జత్, రేపు అందరి ముందల ఆయన మొఖం... ఇవన్నీ తలకాయల తిరిగినయి. అప్పుడు ఒక ఉపాయం తట్టింది.

మా మామ వాకిట్ల జీపు కిందనే ఉన్నడు. పోయి పక్కన కూసున్న.

"మామా, ఒక్క పని చేసిపెట్టాలె."

"చెప్పమ్మా."

"రేపు బండి తొవ్వల ఆగాలె. మూడు దాటేదాక లేవొద్దు."

ఆయన కిందికెల్లి పాకుకుంట బయటికొచ్చిండు. చేతులు తుడుచుకున్నడు.

"ఏమన్నవు?"

"దినాం ఆగేదే గద. రేపొక్కరోజు మీరు ఆపున్రి. ఎవ్వరికి అనుమానం రాదు."

మొఖం ఎర్రగయింది. పెద్దాయనకు కోపమొచ్చుడు నేను అదే చూసుడు.

"ఇది ఆగుతదని ఊరంత నవ్వుతది" అన్నడు. "నవ్వనీ. ఆగింది గాని నేను ఆపలే. నా చేతులతోని ఒక్కనాడు ఆపలే. ఇప్పుడు ఆపుతనా?"

"మామా, అది ఇనుము. ఇక్కడ నా మాట పోతున్నది."

"మాట నీదైతె, బండిని ఎందుకు అడుగుతున్నవు?"

నాకు ఒళ్లు మండింది. లేచి లోపలికొచ్చిన. ఆ మాపటికి చేసిన జొన్నరొట్టెలు నాలుగు మాడినయి, మాడినయే వాళ్ల పళ్లాలల్ల పెట్టిన. బయట పొద్దు గూకేదాక ఆయన పంపు విప్పి కడుగుడు, గాలి తీసుడు, బోల్టులు బిగిచ్చుడు ఇనబడుతనే ఉన్నది. నేను ఆపుమంటె ఆయన రిపేరు చేస్తున్నడు.

తెల్లారి తాళం తిప్పంగనే లేచింది. ఒక్క తిప్పుకు. ఆ ఇంటికి నేను కోడలిగ వచ్చిన కాడికెల్లి గట్ల లేచింది చూడలే. మా ఆయన గూడ ఆశ్చర్యపోయి, "ఇయాల మంచిగున్నదే" అన్నడు.

నామినేషన్లు తీసుకునే ఆఫీసు పక్క ఊర్ల, ఆరు కిలోమీటర్లు. ఆ తొవ్వల బండి ఎక్కడెక్కడ ఆగుతదో నాకు కంఠపాఠం. రోడ్డు కింద నీళ్లు పోయే రాతి మోరి కాడ ఆగుతది, ఆగలే. మణెమ్మవాళ్లు పత్తి ఏరే చేను కాడ ఆగుతది, ఆగలే. ఎత్తు మీద పొగ కక్కి ఎనుకకు జారుతది. ఇయాల ఇంజన్ చప్పుడు గూడ మారలే. లోపట్లోపల సంగమేశ్వరునికి మొక్కిన: స్వామీ, ఇంజన్ వద్దు, ఒక్క టైరన్న పలుగనియ్యి. మా మామ తల తిప్పకుండ తోలిండు. పన్నెండున్నరకే దింపిండు. రెండున్నర గంటల టైము మిగిలింది.

లోపల బెంచీ మీద పటేల్, దీపిక కూసున్నరు, ఒడిల మిఠాయి డబ్బ. టేబుల్ ఎనుక ఆఫీసరు, ఎక్కడిదో బడిల పంతులట. మా ఆయన ఫారం తీసుకొని ఆయనే నింపిండు. సంతకం జాగ మీద వేలు పెట్టి నాకిచ్చిండు.

"మీరు మీ ఇష్టంతోనే ఉపసంహరించుకుంటున్నారా అమ్మా?" అన్నడు ఆఫీసరు. తల ఎత్తలే. పొద్దున్నుంచి పదిమందిని అడిగి ఉంటడు.

"అవ్ సార్, ఇష్టంతోనే" అన్నడు మా ఆయన.

"ఆమెను అడుగుతున్న."

నేను కిటికీలకెల్లి చూసిన. మా మామ బయట జీపు అద్దం తుడుస్తున్నడు. తుడిచిందే తుడుస్తున్నడు. మా దిక్కు చూస్తలేడు.

"కాదు సార్" అన్న.

"కాదా?"

"కాదు."

ఆఫీసరు అప్పుడు తలెత్తిండు. నన్ను చూసిండు, మా ఆయనను చూసిండు. ఫారం నా ముందలకెల్లి తీసుకొని, "అయితే దీంతోని పని లేదు" అని పక్కకు పెట్టిండు. మా ఆయన మొదలు నవ్విండు, నేను మజాక్ చేస్తున్న అనుకొని. మళ్ల నవ్వలే. పటేల్ లేచి బయటికి పోయిండు. దీపిక డబ్బ మూత సరిగ పెట్టుకుంట, నా మొఖం దిక్కు ఒక్కసారి చూసింది.

మా ఆయన ఎవరిదో మోటర్‌సైకిల్ మీద ఎళ్లిపోయిండు. నేను, మా మామ జీపుల మర్లినం. మోరి కాడికి రాంగనే అది దగ్గింది, ఆగింది.

"గాలి పట్టింది" అన్నడు మా మామ.

పొయ్యేటప్పుడు ఏమైందో దానికి. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. దిగి, ఆయన చేతులకెల్లి పానా గుంజుకొని, "ఎక్కడ తిప్పాలె, చెప్పున్రి" అన్న. చెప్పిండు. తిప్పిన. డీజిల్ చిమ్మి చీరంత పడ్డది. ఆ చీర ఇప్పటికీ వాసనొస్తది.

ఇగ మిగిలిన రోజులు మా ఆయన నాతోని మాట్లాడలే. పెట్టింది తినుడు, చేనుకు పోవుడు. పెద్దమనుషులు ఎదురైతె తల దించుకొని పోతుండెనట. ఆ మాట విన్ననాడు ఆయన పళ్లెంల ఒక రొట్టె ఎక్కువేసిన, కాదనను. ఎన్నికల గుర్తుగ నాకు కత్తెర ఇచ్చిన్రు. ప్రచారానికి నేను, మా మామ, ఆ జీపు. ముందు సీట్ల కూసున్న. తొమ్మిది రోజులల్ల ఆరుసార్లు ఆగింది. ఆగినప్పుడల్ల ఆయన, "ఇది మొదలు మిలిటరోళ్ల కోసం" అని అందుకుంటుండె. రెండోసారికి నాకు ఓపిక అయిపోయింది.

"మామా, మీరు పంపు చూడున్రి. మాట్లాడేది నేను మాట్లాడ్త" అన్న.

ఆయన మైకు నా చేతికిచ్చిండు. ఏం మాట్లాడిన్నో నాకే యాదికి లేదు. నీళ్ల గురించి, వాల్వు గురించి, మా తొట్టి నిండి పారుడు గురించి. మా వాడోళ్లకు నచ్చలే. మొఖం మీదనే తలుపులు ఏసుకున్నరు కొందరు.

డిసెంబర్‌ల ఓట్లు పడ్డయి. పగటి ఒంటిగంట దాక ఓట్లు, అటెన్క బడిల లెక్క. మొదలు తొమ్మిది ఓట్లతోని నేను గెలిచిన్నన్నరు. పటేల్ మళ్ల లెక్కవెట్టమన్నడు. ఈసారి ఏడు. మళ్ల అన్నడు. మళ్ల ఏడే. దీపిక వచ్చి నా చెయ్యి పట్టుకొని, "మంచిగ చెయ్యక్కా" అని పోయింది. మణెమ్మ రాలే. ఆ పొద్దు కాలనీకి నీళ్లొచ్చే దినమట, బిందె కాడ ఉన్నదట.

ప్రమాణం చేసే రోజు పొద్దుగాలనే మా మామ బండి కడిగి వాకిట్ల పెట్టిండు. పంచాయతీ ఆఫీసు మా ఇంటికి నూరడుగులు. "మామా, నేను నడిచి పోత" అన్న. కొంచెం చిన్నబుచ్చుకున్నడు గాని, బానెట్ లేపి ఆయన పనిల ఆయన పడ్డడు.

నేను చీర సదురుకొని బయటికి రాంగ, గడప కాడ మా ఆయన నిలబడ్డడు. తెల్లంగి తొడుక్కున్నడు. ఉప సర్పంచ్ అయితనని కుట్టిచ్చుకున్నది. ఇప్పుడు నా ముందల నడుస్తడు, ఆఫీసుల నా పక్క కుర్చీల కూసుంటడు, మణెమ్మ చూస్తది. మూడు వారాల సంది మనసుల పెట్టుకున్న మాటలన్నీ నోటి దాక వచ్చినయి.

ఆయన కదలలే. కింద నా చెప్పుల దిక్కు చూసుకుంట, "నేను రావాల్నా?" అన్నడు.

ఆయన నిలబడే ఉన్నడు, నేనేమంటనో అని.

"ఇయాల పత్తి ఏరనీకె ఎనిమిది మంది వస్తరు" అన్న. "చేన్ల ఎవరన్న ఉండాలె గద."

తల ఊపిండు. లోపలికి పోయి తెల్లంగి గుండీలు తీసి, చిలుక్కొయ్యకు తగిలేసి, పాతంగి తొడుక్కున్నడు.

"సద్ది?" అన్నడు.

"రొట్టెలు గంపల ఉన్నయి. కూర పొయ్యి మీద" అన్న.

గిన్నె వెతుకుతున్న చప్పుడు ఇనబడుతుంటె నేను గడప దిగిన.